మూడు రోజుల పర్ణశాల యాత్ర – ముందుగా వేసుకోవలసిన ఆరోగ్య ప్రణాళిక

కిందటి సంవత్సరం పుష్యమాసంలో ఒక మంగళవారం ఉదయం మా వైద్యశాలకు ఒక గృహిణి వచ్చారు. వయస్సు సుమారు అరవై. చలితో కూడిన జ్వరం, నడుము నొప్పి, మూత్రవిసర్జనలో తీవ్రమైన మంట. వరుసగా మూడు రోజులు సెలవులు కలిసి రావడంతో కుటుంబమంతా హైదరాబాదు నుండి కారులో బయలుదేరి, భద్రాచలం, పర్ణశాల దర్శించుకొని ముందు రోజు రాత్రి తిరిగి వచ్చారట. నాడి చూచిన పిమ్మట, దారిలో నీళ్ళు ఎన్నిసార్లు తాగారని అడిగాను.

"ఆడవాళ్ళకు దారిలో దిగే చోటు ఎక్కడ ఉంటుందండీ! మాటిమాటికీ కారు ఆపమంటే పిల్లలు విసుక్కుంటారు. అందుకని భద్రాచలం చేరేదాకా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టలేదు" అన్నారామె.

పక్కనే ఉన్న కుమారుడు యాత్రకు ముందు తాను వ్రాసుకున్న కాగితం చూపించాడు. చూడవలసిన స్థలాలు తొమ్మిది. ప్రతి స్థలానికి ఎదురుగా గంటలు, నిమిషాలు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ విశ్రమించాలో ఆ కాగితంలో ఒక్క పంక్తి లేదు. మూత్ర పరీక్షలో దోషం స్పష్టంగా కనిపించింది. చలిజ్వరం, నడుము నొప్పి కలిసి ఉన్నాయి గనుక వ్యాధి మూత్రపిండాలకు ప్రాకి ఉండవచ్చునని ఆమెను ఆసుపత్రికి పంపాను. అక్కడి మందులతోబాటు, వారి అనుమతితో బార్లీ జావ, పథ్యాహారం సూచించాను. కోలుకోవడానికి పది రోజులు పట్టింది.

ఆ తల్లిని రోగిగా మార్చినది అడవి కాదు, గోదావరి నీరు కాదు, ప్రణాళికలోని లోపం. యాత్రకు వెళ్ళేవారు ముందుగా వ్రాసుకోవలసినది చూడవలసిన స్థలాలను కాదు, ఆగవలసిన స్థలాలను. ఈ ఒక్క విషయాన్ని వివరించడానికే ఈ వ్యాసం.

అణచరాని వేగాలు

చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం బలవంతంగా ఆపరాని సహజ ప్రేరణలను గూర్చి చెబుతుంది. వీటికి వేగాలని పేరు. ఇవి పదమూడు. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవలన కలిగే ఆయాసం. వాగ్భటాచార్యుడు కూడా అష్టాంగహృదయంలో, రోగాలు పుట్టకుండా చూసుకునే విధానాన్ని చెప్పే అధ్యాయాన్ని అణచరాని వేగాలతోనే ప్రారంభించాడు.

ఈ పదమూడింటిలో ఆరింటిని మనం యాత్ర పేరుతో తెలిసి తెలిసి అణచివేస్తాము. దిగే చోటు లేదని మూత్రాన్ని, తెల్లవారుజామున తొందరలో మలాన్ని, భోజనశాల ఇంకా ముందున్నదని ఆకలిని, మూత్రభయంతో దప్పికను, సమయం కలిసి వస్తుందని నిద్రను, అందరితో సమానంగా మెట్లెక్కాలని ఆయాసాన్ని. ప్రయాణంలోని కుదుపులు, గాలి, అకాల భోజనం స్వతహాగా వాతాన్ని పెంచుతాయి. దానికి ఈ ఆరు వేగాల ధారణ తోడైతే తలనొప్పి, మలబద్ధకం, కడుపుబ్బరం, మూత్రకృచ్ఛ్రం, నడుము పట్టు కలగడంలో ఆశ్చర్యం లేదు. ప్రయాణ ప్రణాళిక అంటే ఈ ఆరింటికీ వేళ కేటాయించడమే.

దేశం, కాలం

ఆయుర్వేదంలో దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించారు. నీరు, చెట్లు తక్కువగా ఉండేది జాంగలం. నీరు, చెట్లు సమృద్ధిగా ఉండేది ఆనూపం. హైదరాబాదు పరిసరాల్లోని రాతి నేల జాంగల లక్షణాలు కలది. గోదావరి తీరాన అడవుల అంచున ఉన్న భద్రాచలం, పర్ణశాల ప్రాంతానికి ఆనూప లక్షణాలు అధికం. తేమ, చెమట, దోమ ఎక్కువ. ఒక్క పూటలో ఒక దేశం నుండి మరొక దేశానికి మారుతున్నామన్న స్పృహ యాత్రికునికి ఉండవలెను.

పర్ణశాల భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉన్నది. ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని ఈ ప్రాంతం 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. సీతారామలక్ష్మణులు వనవాస కాలంలో ఇక్కడ పర్ణశాల నిర్మించుకొని నివసించారని స్థలపురాణం. భద్రాచలంలోని ఆలయాన్ని 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న, అనగా భక్త రామదాసు, నిర్మించిన సంగతి తెలిసినదే.

ఇక కాలం. మార్గశిరం నుండి మాఘం వరకు, అనగా సుమారుగా డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు, ఈ యాత్రకు అనుకూలం. హేమంత శిశిర ఋతువులలో జఠరాగ్ని బలంగా ఉంటుంది, శరీరం శ్రమను తట్టుకుంటుంది. అయితే ముక్కోటి ఏకాదశికి, అంతకు ముందునాటి తెప్పోత్సవానికి జనం వెల్లువగా వస్తారు. వసతి ముందుగా నిశ్చయించుకొనక వృద్ధులతో ఆ రోజుల్లో వెళ్ళడం తగదు. శ్రీరామనవమి చైత్రంలో వస్తుంది. కల్యాణం చూడాలన్న కోరిక సహజమే గాని, అప్పటికి ఎండ ముదురుతుంది. హృద్రోగులు, గర్భవతులు, పసిపిల్లల తల్లులు మరొక రోజు దర్శనానికి వెళ్ళడం మేలు. వేసవిలో ఈ బొగ్గుగనుల ప్రాంతపు ఎండ మన రాష్ట్రంలో అతి తీవ్రమైన వాటిలో ఒకటి.

వర్షకాలంలో వాయిదా వేసుకోవడమే వివేకం. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఈ మట్టం 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. జూలై నుండి సెప్టెంబరు వరకు వెళ్ళదలచినవారు బయలుదేరే ముందు నీటిమట్టం తెలుసుకొనవలెను.

బయలుదేరే ముందు వారం

మధుమేహం, రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు తమ వైద్యుని కలిసి ప్రయాణ విషయం చెప్పవలెను. రక్తపోటుకు నీటి మాత్ర వాడే వృద్ధులు చాలామంది "దారిలో ఇబ్బంది" అని ఆ రోజుకు దానిని తమంతట తాము మానేస్తారు. ఇది ప్రమాదకరం. మాత్ర మానరాదు. వేళ మార్చవచ్చునా అని వైద్యుని అడగాలి.

ఇన్సులిన్ తీసుకునేవారు మందును వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కులో, మంచుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. ఎండలో నిలిపిన కారులో వదలరాదు. మధుమేహానికి మందు వేసుకొని భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మగత కలుగుతాయి. అటువంటప్పుడు స్పృహ ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీటిలో కలిపి ఇచ్చి, కొంచెం కోలుకోగానే ఆహారం పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

ప్రయాణానికి ముందు రోజు గోరువెచ్చని నువ్వుల నూనెతో నడుము, మోకాళ్ళు, పాదాలు మర్దన చేసుకొని వేడినీటి స్నానం చేస్తే వాతం శమిస్తుంది. జ్వరం, అజీర్ణం ఉన్నవారు అభ్యంగం చేయరాదు. ఆనాటి రాత్రి భోజనం తేలికగా, తొందరగా ముగించాలి. ఎప్పుడూ వాడని విరేచన ఔషధాన్ని ప్రయాణం ముందు రాత్రి తొలిసారిగా వేసుకోవడం కొందరి అలవాటు. దాని ఫలితాన్ని మరునాడు దారిలో కుటుంబమంతా అనుభవిస్తుంది. త్రిఫల అలవాటున్నవారు తమ మాత్ర ప్రకారం కొనసాగించవచ్చు. కొత్త మందును ప్రయాణంలో ప్రారంభించరాదు.

వెంట ఉండవలసిన సంచి

ఈ సంచి కారు డిక్కీలో గాక చేతికి అందేచోట ఉండాలి.

1. నిత్యం వాడే మందులు అయిదు రోజులకు సరిపడా, వైద్యుని చీటీతో సహా.

2. శొంఠి నీరు. రెండు లీటర్ల నీటిలో అర చెంచా శొంఠిపొడి వేసి పది నిమిషాలు మరిగించి, వడకట్టి, చల్లార్చి నింపుకోవాలి. ఎండాకాలంలోను, కడుపులో మంట, పుండు ఉన్నవారికిను శొంఠికి బదులు రెండు చెంచాల ధనియాలు వాడవలెను.

3. వాంతి, తల తిరుగుడుకు చూర్ణం. శొంఠి 10 గ్రాములు, ఏలకుల గింజలు 5 గ్రాములు, పటికబెల్లం 30 గ్రాములు మెత్తగా నూరి సీసాలో ఉంచాలి. బయలుదేరడానికి అరగంట ముందు అర చెంచా చప్పరించాలి. మధుమేహులకు పటికబెల్లం లేకుండా చిటికెడు చాలును. వాంతి అయ్యేవారు ముందు సీటులో కూర్చొని దూరంగా చూడాలి. పుస్తకం, సెల్‌ఫోను చూడరాదు.

4. అతిసారానికి ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు. అవి లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాను గోపురంగా నింపరాదు, ఉప్పు ఎక్కువైతే హాని.

5. దోమతెర, నిండు చేతుల చొక్కాలు, సబ్బు, శుభ్రమైన గుడ్డలు, టార్చిలైటు, మందపాటి మేజోళ్ళు రెండు జతలు. మేజోళ్ళ అవసరం తర్వాత చెబుతాను.

మొదటి రోజు : దారి

నా విద్యార్థి దశలో గురువుగారు మూలికల సేకరణకు మమ్మల్ని అడవికి తీసుకువెళ్ళేవారు. ముందురోజు రాత్రి ఆయన అడిగే ప్రశ్నలు రెండే. "దారిలో నీరెక్కడ? నీడెక్కడ?" ఈ రెండింటికీ సమాధానం చెప్పలేనివాణ్ణి వెంట తీసుకువెళ్ళేవారు కాదు. కారు ప్రయాణానికీ ఆ ప్రశ్నలే వర్తిస్తాయి.

హైదరాబాదు నుండి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం 310 కిలోమీటర్ల పైచిలుకు. రైలులో వచ్చేవారు కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషనులో దిగి ఇంకా 40 కిలోమీటర్లు రోడ్డున పోవలెను. పేరు చూచి స్టేషను భద్రాచలంలోనే ఉన్నదని భావించి, వృద్ధులకు వాహనం ముందుగా కుదుర్చుకొనక ఇబ్బంది పడేవారు ఇప్పటికీ ఉన్నారు.

కారులో వెళ్ళేవారు రాత్రంతా నడిపి తెల్లవారేసరికి చేరుదామనుకోరాదు. నిద్రా వేగాన్ని అణచినవాని చేతిలో కుటుంబమంతటి ప్రాణం ఉంటుంది. ఉదయం మలవిసర్జన, స్నానం, ఉపాహారం నింపాదిగా ముగించుకొని ఆరున్నరకు బయలుదేరాలి. ఇడ్లీ గాని, మిరియాలు, అల్లం వేసిన పెసరపప్పు కట్టుపొంగలి గాని మితంగా తినాలి.

కాగితం మీద నాలుగు విరామాలు వ్రాసుకోండి. నార్కెట్‌పల్లి, సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం. ప్రతి చోటా పెట్రోలు బంకు గాని, బస్ స్టేషను గాని, భోజనశాల గాని ఉంటుంది. శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నచోట ఆపాలి. ఇక్కడ ఒక ముఖ్య విషయం. "ఎవరైనా దిగాలా?" అని అడగరాదు. అడిగితే మన ఇళ్ళలోని తల్లులు, కోడళ్ళు "అక్కర్లేదు" అనే అంటారు. ఆపడం నియమంగా ఉంటే ఎవరూ నోరు తెరిచి అడగవలసిన పని ఉండదు. ఆగిన ప్రతిసారీ అందరూ దిగి అయిదు నిమిషాలు నడవాలి. గంటల తరబడి కాళ్ళు కిందికి వేలాడదీసి కూర్చుంటే పాదాలు వాచడమే గాక, కొందరికి కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నది.

నీటిని ఒకేసారి చెంబెడు తాగక, అరగంటకొకసారి రెండు మూడు గుక్కలు తాగుతూ ఉండాలి. హృద్రోగం, మూత్రపిండాల వ్యాధి వలన నీటికి పరిమితి ఉన్నవారు తమ వైద్యుడు చెప్పిన పరిమాణాన్నే పాటించాలి. దారిలో తినడానికి చింతపండు పులిహోర, అరటిపండ్లు, వేయించిన అటుకులు మంచివి. పెరుగన్నం ఉదయం కలిపినది కారు వేడికి మధ్యాహ్నానికే పులుస్తుంది. రాత్రివేళ పెరుగు వాడరాదని సంహితలు కూడా చెబుతున్నాయి. దారిలో భోజనం చేస్తే కళ్ళెదుట పొగలు కక్కుతూ వడ్డించేదే తినాలి. కోసి ఉంచిన పండ్లు, ముందే కలిపి ఉంచిన పచ్చళ్ళు వద్దు.

మధ్యాహ్నం మూడు గంటలకు భద్రాచలం చేరతారు. ఆనాడు వేరే కార్యక్రమం పెట్టుకోవద్దు. విశ్రాంతి, సాయంకాల దర్శనం, తేలిక భోజనం, తొమ్మిదింటికి నిద్ర. ఆలయం గుట్టమీద ఉన్నది. మెట్ల మీద ఆయాసం వస్తే నిలబడాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు ప్రాకే నొప్పి, చల్లని చెమట ఉంటే "గ్యాసు" అని శొంఠి నమలడం కాదు, తక్షణం ఆసుపత్రికి పోవలెను.

రెండవ రోజు : పర్ణశాల

ఉదయం ఎనిమిది గంటలకు బయలుదేరితే ఎండెక్కక ముందే పర్ణశాల చేరవచ్చు. ఇక్కడ చిన్న ఆలయం, బంగారు లేడి మొదలైన అరణ్యకాండ ఘట్టాల బొమ్మలు, సమీపంలో సీతవాగు ఉన్నాయి. వాగులోని రాళ్ళమీది రంగు చారలను సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులుగా చూపుతారు. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న కొండను రావణుని రథం నిలిచిన చోటుగా చెబుతారు. రెండు మూడు గంటలు నింపాదిగా గడపదగిన స్థలం. దీనికి ముందూ వెనుకా మరి నాలుగు స్థలాలు ఇరికించుకుంటే ఇక్కడి నీడ, గాలి మన కంటికీ ఒంటికీ అందవు.

ఇక మేజోళ్ళ సంగతి. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో పాదాల స్పర్శజ్ఞానం తగ్గుతుంది. చెప్పులు విడిచి ఎండలో కాగిన బండలమీద నడిచినప్పుడు కాలినా వారికి తెలియదు. సాయంత్రం బొబ్బలు చూచి తెలుసుకుంటారు. ఆ బొబ్బలే పుండ్లై, వేళ్ళు తొలగించవలసి వచ్చిన రోగులను నేను చూచాను. ఆలయ ప్రాంగణంలో మందపాటి మేజోళ్ళు వేసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు పాదాల అడుగుభాగాన్ని అద్దంలో గాని, ఇంట్లో వారిచేత గాని పరీక్ష చేయించుకోండి.

పిల్లల విషయంలో రెండు జాగ్రత్తలు. అడవి అంచున గురివింద తీగెలు కనిపిస్తాయి. ఎర్రని గింజ, నల్లని మచ్చ. చూడముచ్చటగా ఉండే ఈ గింజ నమిలి మింగితే ప్రాణాంతక విషం. మా శాస్త్రంలో శుద్ధి చేసి గాని వాడని ద్రవ్యం. అడవి ఆముదం, ముష్టి గింజలు కూడా అట్టివే. గింజ ఏదైనా పిల్లల జేబులోకి పోనీయరాదు. తిన్నారని అనుమానం కలిగినా, లక్షణాల కొరకు ఎదురుచూడక, ఆ గింజతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండవది దురదగొండి. దాని కాయల నూగు తగిలితే గోకరాదు. అతుక్కునే టేపుతో నూగును తీసివేసి సబ్బునీటితో కడగాలి.

కోతులకు చేతితో తినుబండారాలు అందించరాదు. కోతి గాని కుక్క గాని కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా ప్రారంభించాలి. పసుపు, సున్నం అద్ది కూర్చోరాదు.

పాముకాటు గురించి వైద్యునిగా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సుశ్రుతాచార్యుడు కల్పస్థానంలో కాటుకు పైభాగాన కట్టు కట్టమని చెప్పాడు. విరుగుడు సూదిమందు లేని కాలపు చికిత్స అది. నేడు బిగించి కట్టడం వలన రక్తప్రసారం ఆగి కాలో చెయ్యో పోగొట్టుకున్నవారు ఉన్నారు. కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. ధైర్యం చెప్పి, కాటుపడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. భద్రాచలంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉన్నది. ఆచార్యుని మీద గౌరవం ఉన్నవాడు రోగిని బ్రతికించే మార్గమే ఎంచుకుంటాడు.

ఈ ప్రాంతంలోని కోయ సోదరులు ఇప్పపువ్వును శతాబ్దాలుగా ఆహారంగా వాడుతున్నారు. మన నిఘంటువులలో దీని పేరు మధూకం. తేనె, ఇప్పపువ్వు, చింతపండు కొనేవారు గిరిజన సహకార సంస్థ దుకాణాలలో కొనడం మంచిది. పేరు తెలియని వేళ్ళు, పొడులు "షుగరుకు", "మోకాళ్ళకు" అని దారిలో అమ్మితే కొనరాదు. అడవివారి వైద్యాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. రోగిని చూడకుండా అమ్మే మందు ఎవరు అమ్మినా మందు కాదు.

మూడవ రోజు : గోదావరి, తిరుగు ప్రయాణం

భోజనానంతరం స్నానం చేయరాదన్నది మన పూర్వుల నియమం. గోదావరి స్నానం ఉదయం, ఖాళీ కడుపుతో, స్నానఘట్టం వద్దనే, మోకాలి లోతు దాటకుండా చేయాలి. పాచిపట్టిన మెట్లమీద వృద్ధులను ఇద్దరు చెరొక వైపు పట్టుకోవాలి. నదిలోని నీటిని తీర్థంగా తలపై చల్లుకోవడం చాలును, తాగవలసిన పని లేదు.

కొందరు మూడవ రోజు పాపికొండల పడవ విహారం పెట్టుకుంటారు. బాహువులతో నదిని ఈదరాదని, సందేహాస్పదమైన పడవ ఎక్కరాదని వాగ్భటుడు దినచర్యాధ్యాయంలోనే చెప్పాడు. పళ్ళు తోముకోవడం, నూనె రాసుకోవడం చెప్పిన చోటనే ఈ మాట కూడా చెప్పడం గమనించదగినది. ప్రాణరక్షణ కూడా దినచర్యలో భాగమే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం సమీపాన కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి అనేకమంది మరణించారు. నది పోటుమీద ఉన్నప్పుడు పోరాదు. అనుమతి ఉన్న పడవనే ఎక్కాలి. ప్రతి ఒక్కరూ, ఈత వచ్చినవారు సహా, లైఫ్ జాకెట్ దిగేవరకు విప్పరాదు. అయితే పడవ విహారం పూర్తి దినం తీసుకుంటుంది. మూడు రోజుల యాత్రలో పర్ణశాల, పాపికొండలు రెండూ చూచి అదే రాత్రి ఇల్లు చేరుదామనడం శరీరానికి శిక్ష. ఒక్కదానిని ఎంచుకోండి.

తిరుగు ప్రయాణంలో ఉదయం పది గంటలకు బయలుదేరి, అవే నాలుగు విరామాలు పాటిస్తే చీకటి పడేవేళకు ఇల్లు చేరవచ్చు. ఆ రాత్రి జీలకర్ర, మిరియాలు వేసిన పెసరపప్పు కట్టు, మెత్తని అన్నం చాలును.

తిరిగి వచ్చాక

యాత్ర ఇంటికి రావడంతో ముగియదు. అటవీ ప్రాంతంలో దోమకాటు వలన వచ్చే మలేరియా వెంటనే బయటపడదు. కాటుపడిన తరువాత వారం నుండి కొన్ని వారాలకు, ఒక రకంలో నెలలకు కూడా, జ్వరం రావచ్చు. అప్పటికి యాత్ర చేసిన సంగతే మరచిపోతాము.

ముప్పై అయిదేళ్ళ క్రిందట, వైద్యం ప్రారంభించిన తొలినాళ్ళలో, ఏజెన్సీ ప్రాంతంలో పెళ్ళికి వెళ్ళివచ్చిన ఒక యువకుడు పన్నెండవ రోజున జ్వరంతో నావద్దకు వచ్చాడు. సంతతం, సతతం, అన్యేద్యుష్కం, తృతీయకం, చతుర్థకం అని విషమజ్వర భేదాలు నాకు కంఠస్థం. కాని అతడు ఎక్కడికి వెళ్ళివచ్చాడో అడగలేదు, రక్తపరీక్ష చేయించలేదు. నాలుగు రోజులు కషాయం ఇచ్చాను. మధ్యలో జ్వరం తగ్గినట్లు కనిపించి సంతోషించాను. అయిదవనాడు సంధిలో పడి మాటలు తడబడ్డాయి. ఆసుపత్రిలో రక్తం చూస్తే మలేరియా. బ్రతికాడు గాని, పోయిన ఆ నాలుగు రోజులు నా పొరపాటువే. నాటినుండి జ్వరరోగిని నేను అడిగే మొదటి ప్రశ్న, "ఈ నెలన్నరలో ఎక్కడికి వెళ్ళారు?"

మలేరియా క్రిమిని దోమ శరీరంలో రోనాల్డ్ రాస్ మొదట చూచినది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. చైనా ప్రాచీన వైద్యగ్రంథంలోని ఒక మూలిక ప్రస్తావన ఆధారంగా తూ యూయూ అనే శాస్త్రవేత్త ఆర్టెమిసినిన్ ఔషధాన్ని వెలికితీసి 2015లో నోబెల్ బహుమతి పొందారు. మూలికకు మహిమ లేకపోలేదు. కాని దాని సారాన్ని తీసి, కొలిచి, పరీక్షించిన తరువాతనే అది ప్రాణదాత అయింది. ఇంట్లో కాచుకునే ఏ కషాయమూ ఆ చికిత్సకు బదులు కాదు. సుదర్శన చూర్ణం వేసుకొని వెళితే మలేరియా రాదన్న నమ్మకం కూడా తగదు. వేపనూనెను కొబ్బరినూనెలో కలిపి రాసుకుంటే దోమలు కొంత దూరమవుతాయి గాని దోమతెరకు అది ప్రత్యామ్నాయం కాదు.

కావున తిరిగి వచ్చిన తరువాత రెండు నెలలలోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యునికి "భద్రాచలం అడవి ప్రాంతానికి వెళ్ళివచ్చాము" అని చెప్పండి. ఆ తరువాత కూడా చలిజ్వరం వస్తే ఈ మాట మరువవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్ష, చికిత్స ఉచితం.

మొదట చెప్పిన గృహిణి ఈ సంవత్సరం మార్గశిరంలో మళ్ళీ పర్ణశాల వెళ్ళివచ్చారు. వచ్చాక వైద్యశాలకు వచ్చినది మందుకు కాదు, ప్రసాదం ఇచ్చి పోవడానికి. కుమారుడు ఈసారి కూడా కాగితం వ్రాశాడట. చూడవలసిన స్థలాలు మూడు, ఆగవలసిన స్థలాలు నాలుగు. "ఈసారి సీతవాగు దగ్గర గంటసేపు ఊరికే కూర్చున్నామండీ. కిందటిసారి ఆ వాగు చూచినట్లే నాకు గుర్తు లేదు" అన్నారామె.